బదులు మనిషి

అమరేశ్వరరావు గారి ముక్కులో పుల్ల పెట్టించడానికి సోమవారం పొద్దున్నే లాల్ బాషా తాడేపల్లిగూడెం బయల్దేరాడు. పేరు ఆయనది, ముక్కు మాత్రం తనది.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఏలూరులోని ఆ చేపల మేత షాపులో ఇరవై రెండేళ్ళుగా జరుగుతున్నది అదే. డీలరు అమరేశ్వరరావు గారికి వరసలో నిలబడటమంటే నామోషీ. రిజిస్ట్రారాఫీసులో టోకెను పట్టుకుని కూర్చునేది బాషా. కరెంటాఫీసు కిటికీ ముందు నిలబడేది బాషా. పెళ్ళిభోజనాల్లో ముందుగా వెళ్ళి బంతిలో చోటు ఆపేది కూడా బాషాయే. అయ్యగారు రాగానే విస్తరి ముందునుంచి లేచిపోతాడు. "మా బాషా ఉంటే నేనున్నట్టే" అని ఆయన పదిమందిలో అంటుంటే ఆ పిచ్చిమనిషి పొంగిపోయేవాడు కూడాను.

ఆ జనవరిలో కరోనా మూడోసారి ఊళ్ళమీద పడింది. సరిగ్గా అప్పుడే మేత కంపెనీ, టార్గెట్ దాటిన డీలర్లని దంపతులతో సహా సింగపూరు తీసుకెళ్ళి, అక్కడ పెద్ద ఓడెక్కించి నాలుగు రాత్రులు సముద్రం మీద తిప్పుతామంది. టార్గెట్ దాటించిందెవరయ్యా అంటే, కలిదిండి చెరువు గట్ల మీద బండేసుకు తిరిగి, చెరువులో కర్రలకి తవుడు సంచులు కట్టి చేపల్ని మేపే రైతుల చేత నీళ్ళలో తేలే గింజ మేత కొనిపించిన బాషా. ఆ సంగతి కంపెనీకి తెలీదు. అయ్యగారికి తెలుసు, తెలియనట్టుంటారు.

ప్రయాణం కాగితాలన్నీ బాషాయే చూశాడు. ట్రావెల్స్ గిరిధర్ పంపిన జాబితా మూడు పేజీలుంది. వ్యాక్సిన్ సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నెంబరు ఎక్కాలి. పుట్టిన ఏడాది ఒక్కటే చాలదు, తేదీ కూడా ఉండాలి. పేరు అన్నిట్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో వెనకుంది, సర్టిఫికెట్‌లో అసలు లేనే లేదు. దిద్దుకోడానికి ఒక్కసారే అవకాశం. బాషా ఊపిరి బిగబట్టి తన ఫోన్లో అక్షరం అక్షరం కొట్టాడు. అన్నిటికీ ఇచ్చిన నెంబరు తనదే కాబట్టి ఓటీపీలన్నీ అతని ఫోనుకే వచ్చేవి. కరోనా బీమా, ఓడవాళ్ళ యాప్, ఆరోగ్యం బాగుందని ప్రమాణపత్రం అన్నీ అయ్యాయి. మిగిలినవి రెండు పరీక్షలు. వారం ముందొకటి, ఆ రిపోర్టు చూశాకే కంపెనీ టిక్కెట్టు తీస్తుంది. విమానానికి రెండు రోజుల లోపు ఇంకొకటి.

ఈ పనుల హడావుడిలో పాస్‌పోర్టాఫీసు దగ్గర కూర్చున్న రోజునే బాషా రెండో డోసు రోజు దాటిపోయింది. మళ్ళీ వెళ్దాంలే అనుకున్నాడు. అనుకుంటూనే ఉన్నాడు.

తీరా మొదటి పరీక్ష ముందురోజు పానకంలో పుడకలా అమరేశ్వరరావు గారికి దగ్గు తగులుకుంది.

"నీకేవన్నా రొంపా పడిశమా ఉందా?" అని అడిగారు ఆదివారం సాయంత్రం, గోడౌనులో మేత బస్తాల మధ్య నిలబడి.

"లేదండి."

"మరింకేం. మాస్కు పెట్టుకుంటే నువ్వైనా నేనైనా ఒకటే. ఇక్కడ ల్యాబులో అందరూ నన్నెరుగుదురు. గూడెం వెళ్ళి నా పేరున ఇచ్చిరా."

బాషా నసిగాడు. "అది... క్యూలో నిలబడటం లాంటిది కాదేమోనండి."

"ఏం కాదు? అక్కడా వరసే, అక్కడా కిటికీయే." ఆయన దగ్గుతూ భుజం మీద చెయ్యి వేశారు. "ఓడ దిగి రాగానే కలిదిండి బ్రాంచి నీ పేరున పెడతానన్నానా లేదా? బోర్డు మీద 'లాల్ బాషా' అని ఇంతంత అక్షరాలు. నువ్వు వచ్చే వారం బుధవారం విమానం ఎక్కేదాకా నన్ను గట్టెక్కించు చాలు."

బోర్డు మాటొస్తే బాషా నోరు పడిపోయేది. నలభై ఏడేళ్ళొచ్చినా తన పేరు రేషన్ కార్డు మీద తప్ప మరెక్కడా రాసి చూసుకోలేదు.

తాడేపల్లిగూడెం ల్యాబులో ప్లాస్టిక్ కోటు తొడుక్కున్న అమ్మాయి కాగితం మీదనుంచి తలెత్తకుండా అడిగింది.

"పేరు?"

"అమరేశ్వరరావండి."

"వయసు?"

"అరవై రెండండి."

అప్పుడు తలెత్తి చూసింది. ఆధార్ జిరాక్సులో ఫొటో మసిబట్టి ఎవరిదైనా కావచ్చుననేట్టుంది. "బాగా మెయింటెయిన్ చేశారండి" అంది. ఇంటి అడ్రసు ఆధార్‌లోది రాసుకుంది. ఫోన్ నెంబరడిగితే బాషా అలవాటుగా తనదే చెప్పాడు. అయ్యగారి నెంబరు అడిగినా నోటికి రాదు.

పుల్ల ఎక్కడో కళ్ళ వెనక గుచ్చుకున్నట్టయింది. నీళ్ళు కారాయి. తిరిగి వస్తుంటే బస్సులో ఒళ్ళు కొంచెం నొప్పులుగా అనిపించింది. శనివారం కలిదిండి గట్ల మీద తిరిగిన బండి కుదుపులనుకున్నాడు.

*

మంగళవారం సాయంత్రం షాపులో కాటా దగ్గర ఉండగా మెసేజొచ్చింది. బాషా రెండుసార్లు చదివి, కౌంటరు మీద ఫోను పెట్టి, అయ్యగారి వైపు తోశాడు.

"పాజిటివా!" అమరేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచారు. "నా పేరు మీద పాజిటివ్ తెచ్చావా? నిన్ను పంపిందెందుకు? ఇందుకేనా పంపింది? పదిమంది డీలర్లు నవ్వుతారు కదయ్యా!"

"నాకేం తెలుసండి..."

"నీకేం తెలుసు! నీకేం పోయింది! టిక్కెట్టు పోయేది నాది."

ఆయన గిరిధర్‌కి ఫోన్ చేశారు. గిరిధర్ ఆరితేరినవాడు. దానికేముందండీ, రేపు మీరే బెజవాడ వెళ్ళి ఇంకో ల్యాబులో ఇవ్వండి, ఆధార్ కాకుండా పాస్‌పోర్టు నెంబరు రాయించండి, ఈ కాగితానికీ ఆ కాగితానికీ చుట్టరికం ఎవడూ కలపడు, అన్నాడు. అయ్యగారి మొహంలో రక్తం మళ్ళీ తిరిగింది.

ఇంటికీ షాపుకీ మధ్య తలుపు దగ్గర ఆయన భార్య రత్నాంబ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏవండీ, ముందతన్ని ఇంటికి పంపండి" అన్నారు. ఆవిడ చూపు బాషా మీద లేదు, అతను చెయ్యి ఆన్చిన కౌంటరు మీద ఉంది. అతను రెండడుగులు వేశాడో లేదో ఆవిడ సీసాలో మందు తెచ్చి అక్కడ చల్లారు.

తన ఊరు పెదపాడు చేరేసరికి బాషాకి ఒళ్ళు కాలిపోతోంది. ఇంటి ముందు బండి ఆపి లోపలికి వెళ్ళకుండా అరుగు మీద కూర్చున్నాడు. కూతురు మహీన్ పురిటికి వచ్చి ఉంది. పన్నెండు రోజుల పసిగుడ్డు లోపల ఉయ్యాలలో ఉంది. భార్య గుల్షన్ మంచినీళ్ళు తెచ్చింది. అయ్యగారి పేరున పాజిటివ్ వచ్చింది, ప్రయాణం చెడేట్టుంది, నానా మాటలూ అన్నారు, అని బాషా చెప్పుకుపోయాడు.

గుల్షన్ గ్లాసు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. "ఏవండీ, పాజిటివ్ ఎవరికండీ?"

బాషా ఫోను తీసి ఆ మెసేజు మళ్ళీ చూశాడు. సాయంత్రం నుంచీ ఆయన ప్రయాణం గురించే కుమిలిపోతున్నాడు గానీ, ఆ పుల్ల దూరింది ఎవరి ముక్కులో అన్నది ఇప్పటిదాకా తట్టనే లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆ రాత్రే మంచం ఇంటి వెనక రేకుల వసారాలోకి మారింది.

*

బుధవారం అమరేశ్వరరావు గారు వణుక్కుంటూ బెజవాడ వెళ్ళి తన ముక్కు తనే ఇచ్చుకున్నారు. నెగిటివ్. ఆ దగ్గు మేత దుమ్ము వల్ల వచ్చిందట. ఆయన ఆనందం పట్టలేక బాషాకి ఫోన్ చేసి మరీ చెప్పారు. నువ్వెలా ఉన్నావని అడగలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

"ఇంకో చిన్న సంగతి" అన్నారు. "ఆ గూడెం రిపోర్టు చూసి ఆశా వర్కరు వచ్చింది. నేను గదిలో ఉన్నానని అమ్మగారు చెప్పి పంపేసింది. మందుల కిట్టు ఇచ్చి వెళ్ళింది. రోజూ ఆఫీసునుంచి ఫోన్ చేసి కనుక్కుంటారట. ఆ ఫోను నీకే వస్తుంది కదా. బాగున్నానని చెప్తూండు. ఆక్సిజనెంత అంటే ఏ తొంభై ఎనిమిదో చెప్పెయ్."

"ఆ కిట్టు ఎవరి చేతైనా పంపిస్తారేమిటండీ? అందులో వేలికి పెట్టుకునే మిషనుంటుందట..."

"అయ్యో, అది అమ్మగారు సూట్‌కేసులో సర్దేసిందయ్యా. సముద్రం మీద ఏ అవసరం ఎలా వస్తుందో!"

మర్నాటినుంచి సరిగ్గా తొమ్మిదింటికి ఫోను మోగేది.

"నమస్కారమండీ, అమరేశ్వరరావు గారేనా? కంట్రోల్ రూమునుంచి ఉదయశ్రీనండి. జ్వరమెలా ఉందండీ?"

"తగ్గిందండి."

"ఆక్సిజనండీ?"

"తొంభై ఎనిమిదండి."

ఫోను పెట్టేశాక బాషా చాలాసేపు రేకుల కప్పు కేసి చూస్తూ పడుకునేవాడు. చెరువు గట్ల మీద అతనికి ఒక పేరుంది: నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరు చూడకుండా అంకె చెప్పే రైతుని అక్కడికక్కడే దులిపేస్తాడని. మబ్బు పట్టిన తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గితే చేపలు తలలు పైకి పెట్టి నోళ్ళు తెరుస్తాయి. "అవి తల తేలేశాక నీళ్ళు చిలికే ఏరియేటరు వేస్తే ఏం లాభమండీ? ముందురోజు మీటరు చూడాల్సింది. మీరు నాకు అబద్ధం చెప్పొచ్చు, నీళ్ళకి చెప్పలేరు కదా" అని ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

శుక్రవారం తొంభై ఎనిమిది. శనివారం తొంభై ఎనిమిది. "మీరు చాలా పద్ధతిగా చెప్తారండీ" అంది ఉదయశ్రీ. "కొంతమంది మా మీద విసుక్కుంటారు. మీ గొంతు కొంచెం బరువుగా ఉందేంటండీ?"

"ఇప్పుడే లేచానండి."

గుల్షన్ కంచం వసారా గడప మీద పెట్టి దూరంగా నిలబడేది. అతను తిన్నాక కంచం మీద వేడినీళ్ళు పోసి, చీపురుపుల్లతో తిప్పి, రెండో గిన్నెలోకి వంపేది. "మీ పేరున ఇంకో పరీక్ష చేయించుకోండి. మన ఆర్ఎంపీ డాక్టరు నిత్యానందం గారినైనా పిలుస్తాను" అని పోరేది.

"ఒకే ఫోను మీద ఇద్దరు పాజిటివ్ అంటే ఆరా తియ్యరూ? ఆయన ప్రయాణం ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ళ అన్నం. బుధవారం దాకా ఆగమన్నారు, అంతే కదా."

"బుధవారం దాకా ఆగాల్సింది ఆయనా, మీరా?"

బాషా గోడ వైపు తిరిగి పడుకుని దగ్గాడు. ఆదివారానికి ఆ దగ్గు గుండెల్లోంచి రావడం మొదలుపెట్టింది. సోమవారం వసారానుంచి బాత్రూముకి పది అడుగులు నడవడానికి మధ్యలో గోడ పట్టుకుని ఆగాల్సొచ్చింది. గోడకి చెయ్యి ఆన్చి, తల పైకెత్తి, నోరు తెరిచి గాలి పీల్చుకుంటుంటే ఎక్కడో చూసిన భంగిమలా తోచింది. ఎక్కడ చూశాడో గుర్తొచ్చి నోరు మూసేసుకున్నాడు.

ఆ రోజే అయ్యగారి రెండో పరీక్ష కూడా నెగిటివ్ వచ్చింది. మంగళవారం ఉదయం ఆయన, రత్నాంబ గారు కారులో హైదరాబాదు వెళ్ళారు. దారిలోనుంచి ఫోన్ చేసి, "బాషా, ఫోన్ చార్జింగు పెట్టుకో. ఓటీపీలేవైనా వస్తే వెంటనే చదవాలి" అన్నారు.

"అలాగేనండి" అనడానికి బాషా రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. ఆయనకది వినపడలేదో, వినపడినా పట్టించుకోలేదో.

*

బుధవారం తెల్లవారకుండానే గుల్షన్ ఇంక మొగుణ్ణి అడగడం మానేసి, ఆర్ఎంపీ నిత్యానందం గారి తలుపు తట్టింది. ఆయన అప్పటికే పిలుపులున్న ఇళ్ళన్నీ తిరిగి, ఎనిమిదిన్నర దాటాక రెండు మాస్కులు వేసుకుని వచ్చి, వసారా బయటే నిలబడి, వేలికి పెట్టే మిషను లోపలికి అందించారు. బయట కొల్లేటి వైపంతా మబ్బు. గాలి కదలడం లేదు.

మిషను మీద ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. గుల్షన్‌కి అంకెలొచ్చు గానీ అర్థం తెలీదు. నిత్యానందం గారి కేసి తిప్పి చూపించింది.

"ఎనభై తొమ్మిది" అన్నారాయన. ఇంకోసారి పెట్టించారు. మళ్ళీ అదే. "బాషా గారూ, ఇది నా చేతిలోది కాదండి. షుగరు మనిషి మీరు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. రిపోర్టు ఉందా?"

"ఉందండి." బాషా గసపోస్తూ అన్నాడు. "నా పేరున లేదండి."

"అదేం మాటండీ? పాజిటివ్ కాగితం లేకుండా వెళ్తే ఈ రద్దీలో ముందు పరీక్ష అంటారు, వరసలో కూర్చోబెడతారు. మీరు కూర్చునేలా లేరు."

ఆయన ఎక్కువ అడగలేదు. పాలవాడి దగ్గర కారుందేమో కనుక్కుంటానని వెళ్ళారు. గుల్షన్ వసారా స్తంభం పట్టుకుని నిలబడింది. "తొమ్మిదవుతోంది. ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది. చెప్పండి. ఇదిగో, ఈ అంకె చెప్పండి."

"చెప్తే అడ్రసడుగుతారు. పేరడుగుతారు. మధ్యాహ్నం పన్నెండింటికి విమానం. పన్నెండు దాటాక..."

"పన్నెండింటిదాకా ఉంటారా మీరు?" ఆవిడ ఇన్ని రోజుల్లో మొదటిసారి ఏడ్చింది, కోపంగా ఏడ్చింది. "ఆయన ఓడెక్కాలని మీరు మట్టిలోకి పోతారా? బోర్డు మీద పేరంట, బోర్డు! సమాధి మీదైనా రాయిస్తారేమో అడగండి!"

ఫోను మోగింది.

"నమస్కారమండీ అమరేశ్వరరావు గారూ, ఉదయశ్రీనండి. ఈ పూట ఆక్సిజనెంతుందండీ?"

నాలుక చివర తొంభై ఎనిమిది సిద్ధంగా ఉంది. రోజూ చెప్పీ చెప్పీ అరిగిపోయిన దారి. అదొక్కటి అనేస్తే ఈ పూట గడిచిపోతుంది. చేతిలో ఫోను గుర్రుమంది. మధ్యలో ఇంకో కాల్. తెరమీద 'అయ్యగారు' అని వెలుగుతోంది.

సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి దగ్గు వినిపించింది. పొడిదగ్గు, రెండుసార్లు. మహీన్. ఆ వెనకే పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

బాషా, గుల్షన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అండీ? వినపడుతోందా అండీ?"

"ఎనభై తొమ్మిదండి" అన్నాడు బాషా.

"ఎంతండీ?" అవతల గొంతు మారిపోయింది. "నిన్న తొంభై ఎనిమిదన్నారు కదండీ!"

"నిన్న మిషను లేదండి. ఊరికే చెప్పానండి. అన్ని రోజులూ ఊరికే చెప్పానండి."

"అయ్యో! కంగారు పడకండి, బోర్లా పడుకోండి. ఇప్పుడే అంబులెన్సు పంపిస్తున్నాను. ఏలూరు, మీ షాపు పక్కిల్లే కదా అడ్రసు?"

"అక్కడికి కాదండి." మాటకీ మాటకీ మధ్య ఆగాల్సొస్తోంది. "అక్కడెవరూ లేరండి. ఆయన హైదరాబాదులో విమానం దగ్గరున్నారండి. ఆయనకేం లేదండి. ఆ పాజిటివ్ నాదండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడయింది.

"మీరెవరండీ?"

ఎన్ని కిటికీల ముందు నిలబడ్డాడు! ఎన్ని కాగితాలు అందించాడు! ఎప్పుడూ ఏ కిటికీలోంచీ ఎవరూ ఈ మాట అడగలేదు. బాషా మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఆయన పేరు ఫోన్లో కొట్టినప్పుడు ఎంత జాగ్రత్తగా కొట్టాడో అంత జాగ్రత్తగా చెప్పాడు.

"లాల్ బాషా అండి. పెదపాడు. చిన్న మసీదు వెనక, రేకుల వసారా ఉన్న ఇల్లు. ఇంట్లో బాలింతుంది, పసిబిడ్డుంది. వాళ్ళని కూడా చూడాలండి."

"రాసుకున్నానండి. మిగతాదంతా తరవాత మాట్లాడదాం. మీరు ఫోను పెట్టెయ్యకండి" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు. దానికే బాషాకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

*

అంబులెన్సు ఇరవై నిమిషాల్లో వచ్చింది. నిత్యానందం గారే దగ్గరుండి బాషాని వాకిట్లోకి నడిపించారు. తెల్ల కోటు మనిషి మొహానికి ఆక్సిజన్ తగిలించి, అట్టమీద కాగితం పెట్టుకుని "పేరు?" అన్నాడు. బాషా మాస్కు పక్కకి లాగబోయాడు. "మీరు తియ్యకండి" అని ఆ మనిషి గదమాయిస్తే గుల్షన్ చెప్పింది. వీధిలో కిటికీలన్నీ ఒకటొకటిగా మూసుకున్నాయి.

అంబులెన్సు వచ్చిందని విని ఉదయశ్రీ ఫోను పెట్టేసినప్పటినుంచీ అది ఆగకుండా మోగుతూనే ఉంది. బాషా అటూ ఇటూ చూసి గుల్షన్ చేతిలో పెట్టాడు. ఆవిడకి ఏది నొక్కితే ఏమవుతుందో తెలీక ఫోను ఎత్తేదీ, స్పీకరుదీ రెండూ నొక్కింది. అమరేశ్వరరావు గారి గొంతు వీధంతా వినిపించింది.

"ఎన్నిసార్లు చెయ్యాలయ్యా నీకు! ఆ ఓడవాళ్ళ యాప్ మళ్ళీ మొదటికొచ్చింది. నీ ఫోనుకి ఆరంకెలొచ్చుంటాయి, చదువు! అది చూపిస్తే గానీ విమానమెక్కే చీటీ ఇవ్వరట. గంటనుంచి వరసలో నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. వెనకవాళ్ళు తోసేస్తున్నారు. బాషా! ఒరే బాషా!"

బాషా స్ట్రెచరు మీదనుంచి తెరకేసి చూశాడు. ఆరంకెలు అక్కడే ఉన్నాయి, పైనే, కనపడుతూ. చదవడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఒక్కటీ అతను మాస్కులోంచి లోపలికి పీల్చుకున్నాడు.

"ఆయన లేరండి" అంది గుల్షన్.

"లేకపోవడమేమిటి? ఎక్కడికి పోయాడు?"

"ఆస్పత్రికండి." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈసారి మీ బదులు కాదండి. ఆయన పేరు మీదే వెళ్తున్నారు."

ఇంకేదో అరుస్తున్న ఫోనుని కొంగులో చుట్టేసి, ఇంట్లోకి తిరిగి "మహీన్, పిల్లకి దుప్పటి కప్పు, పాలవాడి కారులో మనం కూడా వెళ్ళాలి" అని కేకేసింది. లోపలినుంచి జవాబుకి ముందు దగ్గు వచ్చింది. తెల్ల కోటు మనిషి అంబులెన్సు తలుపు వేశాడు.